కెప్టెన్ అనుగ్రహ

ఆర్.కె. పురంలోని ఆ ప్రభుత్వ క్వార్టర్లో పొద్దుటి హడావుడి ఎప్పటిలాగే మొదలైంది. జయశీల ఒక పొయ్యి మీద పప్పుకి తాలింపు పెడుతూ, రెండో పొయ్యి మీద దోసె తిరగేస్తూ, మధ్యమధ్యలో గోడ గడియారం వంక చూస్తోంది. ఆస్పత్రిలో మార్నింగ్ డ్యూటీ. క్యాజువాలిటీకి ఆమే ఇన్‌ఛార్జి సిస్టరు. తను ఆలస్యంగా వెళ్తే పద్ధతి తప్పుతుందని ఆవిడ నమ్మకం.

"అనూ, టిఫిన్ తిన్నావా?"

"తిన్నా అమ్మా. లేట్ హో రహా హై," చెప్పులు వేసుకుంటూ జవాబిచ్చింది అనుగ్రహ.

"ప్రార్థన చేసుకున్నావా?"

"బస్సులో కర్ లూంగీ."

పేపరు చదువుకుంటున్న బాబూరావు నవ్వాడు. "ఆ బస్సులో మనుషులకే చోటుండదు, ఇక దేవుడెక్కడ నిలబడతాడే!"

"మీరు ఊరుకోండి. మీరిచ్చిన అలుసే ఇదంతా," అంది జయశీల. కాని ఆమె గొంతులో కోపం లేదు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోతున్న కూతుర్ని కిటికీలోంచి కనుమరుగయ్యేదాకా చూసింది.

జయశీలది బాపట్ల. నర్సింగ్ చదివి ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చింది. శాస్త్రిభవన్‌లో పనిచేసే బాబూరావుతో పెళ్ళయింది ఇక్కడి తెలుగు చర్చిలోనే. వాళ్ళకి ఒక్కతే బిడ్డ. డాక్టర్ల వెనక ట్రే పట్టుకుని నిలబడిన రోజుల్లోనే జయశీల మనసులో ఒక కోరిక పడింది. తన కూతురు ఆ ట్రేకి అవతలి వైపు నిలబడాలి. పన్నెండో తరగతి అయ్యాక మెడికల్ సీటు రాకపోతే, ఒక ఏడాది ఆగి మళ్ళీ రాయమంది. కాలూ సరాయ్‌లో కోచింగ్‌లో చేర్చింది. అనుగ్రహ సరేనంది. ఆ సరేననడంలో ఉత్సాహం ఎంతుందో ఎవరూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుందో లేదో ఫోను మోగింది. కోచింగ్ ఆఫీసు నుంచి.

"మేడమ్, అనుగ్రహ మధ్యాహ్నం క్లాసులకి రావట్లేదు. చాలా రోజులైంది. తబియత్ తో ఠీక్ హై నా? ఒంట్లో బాగాలేదా?"

జయశీల ఫోను పెట్టేసింది. రోజూ సాయంత్రం చీకటి పడే వేళకి అలసిపోయి ఇంటికొచ్చే పిల్ల ఇన్నాళ్ళూ ఎక్కడి నుంచి వస్తున్నట్టు? ఆటో ఎక్కి నేరుగా కాలూ సరాయ్ వెళ్ళింది. కోచింగ్ మెట్ల దగ్గర కూతురి స్నేహితురాలు ప్రవల్లిక కనిపించింది. కర్నూలు పిల్ల, పక్కనే కటవారియా సరాయ్‌లో గది అద్దెకి తీసుకుని చదువుకుంటోంది. జయశీలని చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"ఆంటీ, కోప్పడకండి... మా గల్లీలో ఒక గేమింగ్ కేఫ్ ఉంది. అను అక్కడుంటుంది."

అది ఒక మేడ కింద నేలమాళిగ. మెట్లు దిగేసరికి చీకటి, ఏసీ చలి, పేలుళ్ళ మోత. వరసగా కంప్యూటర్లు, వాటి ముందు అంతా మగపిల్లలే. వాళ్ళ మధ్యలో, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని తన కూతురు. తెర మీద ఒక తుపాకి మొన, దాని ముందు కూలిపోతున్న ఒక సైనికుడు. అనుగ్రహ పక్కన కూర్చున్న లెవి ముందుగా చూశాడు. చర్చిలో గిటారు వాయించే కుర్రాడే.

"ఆంటీ..." అంటూ లేచి నిలబడ్డాడు.

జయశీల కూతురి చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "పద," అంది.

బాబూరావు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు ఉరుము ముందటి ఆకాశంలా ఉంది.

"మీ కూతురు చదువుకి పోవట్లేదండీ. తుపాకులాట ఆడుకోవడానికి పోతోంది."

"అమ్మా, అబద్ధం చెప్పడం తప్పే. సారీ. లేకిన్ ఆడటం తప్పు కాదు," అంది అనుగ్రహ తల వంచుకునే.

"తప్పు కాదా? పొద్దస్తమానం క్యాజువాలిటీలో ఒక్కో ప్రాణం పోకుండా పట్టుకోవడానికి మేము చస్తుంటే, నా కూతురు పెట్టెలో మనుషుల్ని కాల్చుకుంటూ కూర్చుంటుందా? అదీ ఆ మగపిల్లల మధ్య! రేపు చర్చిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

బాబూరావు గొంతు సవరించుకున్నాడు. "జయా... నాకు తెలుసు."

జయశీల అతని వైపు తిరిగింది.

"నెల కిందటే తెలిసింది. నేనూ వెళ్ళి చూశాను. ఆ ఆట పేరు వేగా ఫ్రాంటియర్. చిన్నప్పుడు చాణక్య థియేటర్‌కి తీసుకెళ్ళేవాణ్ణి చూడు, ఆ అంతరిక్షం సినిమాలు, అచ్చం వాటిలాగే తయారు చేశారు. ఐదుగురు ఒక జట్టు. మన పిల్ల ఆ జట్టుకి కెప్టెన్. శనివారం ప్రగతి మైదాన్‌లో దేశం మొత్తానికి ఫైనల్. గెలిచిన జట్టు ప్రపంచ పోటీలకి సింగపూర్ వెళ్తుంది."

"అంటే ఈ ఇంట్లో వెర్రిదాన్ని నేనొక్కదాన్నేనన్నమాట!" అంది జయశీల. "దాని భవిష్యత్తు కోసం కొట్టుకునేది నేను. చాటుగా వత్తాసు పలికేది మీరు."

"నా భవిష్యత్తు కాదమ్మా!" అనుగ్రహ మొదటిసారి గొంతు పెంచింది. "డాక్టర్ అవ్వాలన్నది నీ కల. మేరా నహీ. నీ మొహం చూసి కాదనలేక చేరాను. ఎన్నేళ్ళు చదివినా నాకు ఆ చదువు ఎక్కదు. అది చెప్పాలంటే భయమేసింది, అందుకే చెప్పలేదు."

జయశీల గిరుక్కున వెనక్కి తిరిగింది. వంటింట్లోకి వెళ్ళి, కడిగేసిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

తర్వాత రోజుల్లో ఆ ఇంట్లో మాటలు కరువయ్యాయి. ఉప్పు అందుకోమనడానికి కూడా బాబూరావే మధ్యవర్తి. చివరికి శుక్రవారం ఆయనే నోరు విప్పాడు.

"జయా, ఒక్కసారి వచ్చి చూడు. చూశాక నువ్వేమంటే అదే."

జయశీల చాలాసేపు ఆలోచించింది. తర్వాత కూతురి గది గుమ్మంలో నిలబడి, గోడతో చెప్పినట్టుగా చెప్పింది. "రేపు వస్తాను. గెలిచి సింగపూర్ వెళ్తావో, సరే, తర్వాత చూద్దాం. ఓడిపోతే మాత్రం ఇదే ఆఖరు. ఇక ఆ ఆట ముట్టుకోకూడదు. సోమవారం నుంచి పుస్తకాలు."

"ఠీక్ హై," అంది అనుగ్రహ. ఆ పిల్ల మాటిస్తే మాటే, ఆ సంగతి తల్లికీ తెలుసు.

ప్రగతి మైదాన్ హాలు తిరనాళ్ళలా ఉంది. వేదిక మీద అటొక వరస, ఇటొక వరస కంప్యూటర్లు. వెనక సినిమా హాల్లో ఉన్నంత తెర. ఒక పక్క ముంబై జట్టు, ఇంకో పక్క ఢిల్లీ జట్టు. ఆ పదిమందిలో ఒక్కతే ఆడపిల్ల. మొదటి వరసలో భర్త పక్కన కూర్చున్న జయశీల చేతిసంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది, ఆట అవగానే లేచి వెళ్ళిపోయేదానిలా.

తెర వెలిగింది. పగిలిపోయిన ఒక అంతరిక్ష కేంద్రం. దాని గాజు గోడల అవతల, నీలి వలయాలు చుట్టుకుని మెల్లగా తిరుగుతున్న మహా గ్రహం. ఆ వెలుగు హాల్లోని మొహాలన్నిటి మీదా పడింది. జయశీల తనకి తెలియకుండానే, "ఎంత బావుందండీ!" అంది.

"ఇంకా చూడు," అన్నాడు బాబూరావు చిన్నపిల్లాడిలా ముందుకి వంగి. "ఆ మధ్య గదిలో మెరుస్తోందే, అది ఎనర్జీ కోర్. దాన్ని తమ నౌకలోకి చేర్చినవాళ్ళకి రౌండు."

మొదట్లో ఆమెకి పరుగులూ మెరుపులూ తప్ప ఏమీ అర్థం కాలేదు. కాని వేదిక దగ్గరగా ఉండటంతో కూతురి గొంతు వినిపిస్తోంది. అరుపు కాదు. పక్కవాళ్ళందరూ కేకలు వేస్తుంటే, ఆ పిల్ల మాత్రం తగ్గు గొంతుతో ముందు పేరు, తర్వాత పని, అంతే. "నితిన్, ఎడమ తలుపు. లెవి, నా వెనక." ఒక్కో మాటకి ఒక్కో మనిషి సరైన చోటికి కదులుతున్నాడు.

జయశీల నిటారుగా కూర్చుంది. ఆ గొంతు ఆమెకి తెలుసు. బస్సు బోల్తాపడి స్ట్రెచర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డప్పుడు, చుట్టూ ఏడుపులూ పెడబొబ్బలూ ఉన్నప్పుడు, తన నోటి నుంచి వచ్చే గొంతు అది. అలా మాట్లాడటం నేర్చుకోవడానికి తనకి సగం జీవితం పట్టింది. ఈ పిల్లకి ఎక్కడ అబ్బింది?

ఒక రౌండులో లెవి కంగారుపడి కోర్ జారవిడిచాడు. రౌండు పోయింది. కుర్రాడు తల పట్టుకోవడం కింద కూర్చున్న జయశీలకి కూడా కనిపించింది. అనుగ్రహ ఒక్క మాట అనలేదు. నీళ్ళ సీసా మూత తీసి అతని ముందు పెట్టింది. "తాగు. నెక్స్ట్ రౌండ్ కూడా కోర్ నువ్వే మోస్తావు," అంది. మోశాడు. గెలిపించాడు. హాలు దద్దరిల్లింది. జయశీల చేతిసంచీ ఒళ్ళోంచి జారి కింద పడినా ఆమె చూసుకోలేదు.

చెరి సమానమయ్యాయి. ఇక ఆఖరి రౌండు. కోర్ ముంబై వాళ్ళ చేతిలో ఉంది. గురుత్వాకర్షణ లేని ఆ పొడుగాటి నడవాలో ముంబై సైనికులు తేలుతూ నౌక వైపు పోతున్నారు. అనుగ్రహ జట్టు వాళ్ళకి అడ్డం వచ్చింది.

సరిగ్గా అప్పుడే వేదిక మీద ఒక పక్క కరెంటు పోయింది. ముంబై వాళ్ళ కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఢిల్లీ వాళ్ళవి మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. పెద్ద తెర మీద ముంబై సైనికులు ఎక్కడివాళ్ళక్కడ, బొమ్మల్లా గాల్లో నిలిచిపోయారు.

"ఆట ఆపరా?" అంది జయశీల.

"రూలు ప్రకారం ఆపక్కర్లేదట, వెనక పిల్లలు అంటున్నారు. మన పిల్ల కాల్చిందంటే అయిపోయినట్టే. సింగపూర్!" బాబూరావు లేచి నిలబడ్డాడు.

"మారో! మారో!" అని హాలంతా అరుస్తోంది. నితిన్ కుర్చీలోంచి సగం లేచాడు. జయశీల కూడా లేచింది. కాల్చవే, అని లోపల తన మనసే అరవడం విని ఉలిక్కిపడింది.

"రుక్ జావో," అంది అనుగ్రహ. "ఎవరూ కాల్చకండి."

తెర మీద ఆమె సైనికుడు, కదలకుండా నిలిచిన శత్రువు ఎదుటకి తేలుతూ వెళ్ళి, తుపాకి మొన కిందికి దించాడు. ఆ తర్వాత అనుగ్రహ మౌస్ మీంచి చెయ్యి తీసేసి, అందరికీ కనపడేలా పైకెత్తింది.

హాలు ఒక్కసారి చల్లబడింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చారు, మాట్లాడుకున్నారు. తీగలు సరిచేసి ఆఖరి రౌండు మొదటి నుంచీ మళ్ళీ పెట్టారు. ఈసారి ముంబై వాళ్ళు మెరుపుల్లా ఆడారు. అనుగ్రహ జట్టు చివరిదాకా పోరాడి, నౌక గుమ్మం దగ్గర ఓడిపోయింది.

కాని చప్పట్లు ముందుగా మొదలైంది ఓడిన జట్టుకే. ముంబై కెప్టెన్ వేదిక దాటి వచ్చి అనుగ్రహ రెండు చేతులూ పట్టుకున్నాడు. జయశీల మెట్ల వైపు నడుస్తుంటే ఆ కుర్రాడే ఎదురయ్యాడు. "ఆంటీ, ఆప్ కీ బేటీ హై?" అన్నాడు. జయశీల తలూపింది.

వేదిక వెనక అనుగ్రహ ఒక్కతే కూర్చుని హెడ్‌ఫోన్ల తీగ చుడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లిని చూడగానే లేచి నిలబడింది.

"మాటిచ్చింది గుర్తుంది అమ్మా. సోమవారం నుంచి క్లాసులకి వెళ్తా."

"ఎందుకాగావు?" జయశీల అడిగింది. "ఓడిపోతే నీకు ఆటే లేదని తెలుసు కదా. చేతిలోకి వచ్చింది. రూలు కూడా నీవైపే ఉందట. ఎందుకాగావే?"

అనుగ్రహ ఆశ్చర్యంగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "వాళ్ళు అక్కడ లేరమ్మా. ఎదుట ఎవరూ లేనప్పుడు నేను గెలిచింది ఎవరి మీద?"

జయశీల కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఇన్ని రోజులూ బిగబట్టిన ఏడుపు అప్పుడొచ్చింది. ఆస్పత్రిలో ఎన్ని చావులు చూసినా డ్యూటీలో కన్నీరు పెట్టని మనిషి, అంతమంది అటూ ఇటూ తిరుగుతున్న చోట వెక్కి వెక్కి ఏడ్చింది.

"డాక్టర్ని చేయాలనుకున్నానే నిన్ను. మనిషిని చేశానో లేదో చూసుకోలేదు. నువ్వే అయ్యావు. సోమవారం నువ్వు వెళ్ళొద్దు. నేనే వెళ్ళి మా అమ్మాయి కోచింగ్ మానేస్తోందని చెప్పొస్తాను."

"అమ్మా, మరి ఆట?"

"ఆడు. ఏదో ఒక చదువు మాత్రం చదవాలి, అది ఏదో నువ్వే చెప్పు. ఇక నాకు భయపడి అబద్ధం మాత్రం ఆడకు తల్లీ. నన్ను చూసి నువ్వు భయపడ్డావంటే, అది నేను తట్టుకునే మాట కాదు."

ఇప్పుడు ఏడుపు కూతురి వంతయింది. కాస్త దూరంలో బాబూరావు, రుమాలు కోసం జేబులన్నీ వెతుక్కుంటూ నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. ఇండియా గేటు దాటాక జయశీల కొంగుతో మొహం తుడుచుకుని కూతురి వైపు తిరిగింది.

"అది సరే గాని, ఆ ఆఖరి రౌండులో వాళ్ళు కోర్ పట్టుకుని పోతుంటే, లెవిని అంత దూరంగా ఎందుకు నిలబెట్టావు? దగ్గరుంటే అడ్డుకునేవాడు కదా?"

అనుగ్రహ కళ్ళు పెద్దవయ్యాయి. "అదే అమ్మా, అక్కడే నా లెక్క తప్పింది. ఎలాగంటే..." అంటూ తల్లి అరచేతిని తెరిచి, దాని మీద వేలితో నడవాలు గీయడం మొదలుపెట్టింది.