నలభై నాలుగు ఊపిర్లు

పొద్దున పదిన్నరకల్లా విశాలాక్షి రెండు బడులకు కంటిసాక్ష్యం ఇచ్చేసింది. మొదటి బడిలో పదకొండు మంది, రెండో బడిలో ఆరుగురు. బడి గదులు ఏ ఊళ్లో ఉండాలో నిర్ణయించే యంత్రం కూర్పరి ముందుగా చెప్పిన అంకె, ఆమె తలలు లెక్కపెట్టి చూసిన అంకె రెండు చోట్లా ఒకటే. బొటనవేలు చేతిలోని తెర పలక మీద ఆనించగానే విప్పుదళానికి కబురు వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి క్రేన్లు వస్తాయి, బోల్టులు ఊడదీస్తాయి, గదుల్ని గదులుగానే ఎత్తి లారీల మీద పెడతాయి. రేపు సాయంత్రానికి అవే గదులు ఎగువన ఏదో ఊళ్లో పిల్లలతో కిటకిటలాడతాయి. మనిషి కన్ను పడకుండా బడి గదిని కదపకూడదని చట్టం. ఆ కన్ను తాలూకు ఉద్యోగం విశాలాక్షిది. పదహారేళ్లుగా చూడడం, లెక్కపెట్టడం, వేలు పెట్టడం.

మూడో పేరు చూసి స్కూటరు ఆపింది. గెడ్డవానిపేట ప్రాథమిక బడి, గదులు మూడు, నిండుదల నలభై నాలుగు.

"దీని వంతు ఆషాఢంలో కదా?" అని అడిగింది.

"జాబితా మారింది," అంది చెవిలో కూర్పరి.

"ఎందుకు మారింది?"

"జాబితాలు మారుతుంటాయి."

అడిగిన దానికి అడిగినంత చెప్పే యంత్రం అది. అలాంటిది నసిగిందంటే ఎక్కడో ఏదో ఉడుకుతోందన్నమాటే. విశాలాక్షికి మొదటి అనుమానం అక్కడ పుట్టింది. రెండోది, ఆ బడి గీత తెరిచి చూశాక పుట్టింది. ఊపిర్లు లెక్కపెట్టడానికి గదుల్లో బిగించిన శ్వాసగణులు మూడేళ్లుగా పంపిన అంకెలు చూస్తే నలభై నాలుగు, నలభై అయిదు, నలభై నాలుగు, నలభై నాలుగు. పిల్లలన్నాక జ్వరాలు రావా? మేనమామ పెళ్లిళ్లు రావా? ముసురు పట్టిన రోజు ఒక్కడైనా ఎగ్గొట్టడా? పైగా కార్తీకం వచ్చిందంటే ఈ తీరంలో సగం ఊళ్లు పిల్లాపాపలతో నాచుతెప్పల మీదికి వెళ్లిపోతాయి. నడిసముద్రంలో ఏడు నెలలు నాచు కోసి, ఎండబెట్టి, జ్యేష్ఠంలో వానలకు ముందు తిరిగొస్తాయి. ఇది మాఘమాసం. ఈ ఊరి గీత మాత్రం ఇస్త్రీ చేసిన పంచెలా ఉంది!

ఊపిరి లెక్కను బురిడీ కొట్టించాలని చూసినవాళ్లను ఆమె ఇంతకుముందూ పట్టుకుంది. ఒకచోట బొగ్గుల కుంపటి పెట్టారు. ఇంకోచోట గదిలోకి మేకల్ని తోలారు. ఊపిర్ల సంఖ్య సరిపోయింది గానీ, మేకలు హాజరుపట్టీ తినేశాయి. ఆరోజు ఇంటికొచ్చి కూతురు చిన్మయికి చెప్పి కడుపుబ్బ నవ్వింది. నవ్వినా ఆ రెండు బడుల్నీ విప్పించే వచ్చింది. నలభైకి తగ్గితే విప్పాల్సిందే, అందులో మొహమాటం లేదు.

ఆ తర్వాత ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. బడి లేని ఊరికి పిల్లలున్నవాళ్లు తిరిగి రారు. వాళ్లు రాని ఊరికి కూర్పరి ముందు బస్సు తగ్గిస్తుంది, తర్వాత నీళ్లు తగ్గిస్తుంది. ఆమె వేలు పెట్టిన ఊళ్లలో పదకొండు ఇప్పుడు పటంలో లేవు.

గేటు దగ్గర స్కూటరు ఆగకముందే ప్రధానోపాధ్యాయుడు ఎదురొచ్చాడు. గొర్లె తవిటయ్య, యాభై దాటిన మనిషి. చేతిలో చెక్కిన కొబ్బరిబొండం ఉంది.

"రండి మేడమ్, ఎండన పడి వచ్చినారు. ముందు బొండం తాగండి."

"నేనొస్తున్నట్టు మీకెలా తెలుసు మాస్టారూ?"

"తెలీదండి."

"మరి బొండం ఎవరికోసం కొట్టారు?"

తవిటయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాకోసవేనండి. తాగుదావనుకునీసరికి మీరొచ్చినారు."

"అయితే మీరే తాగండి. నేను గదులు చూస్తాను."

"టిఫినయినా చేసి..."

"మాస్టారూ!"

మొదటి గదిలో పద్నాలుగు మంది పిల్లలు, రెండో గదిలో పన్నెండు. ఒక్కొక్క తలనూ వేలితో చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవై ఆరు. మూడో గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి దగ్గు వినిపించింది. పిల్లల దగ్గు కాదది.

"అందులో ఎవరు?"

"పెద్ద పిల్లలండి."

"ఎంత పెద్ద?"

విశాలాక్షి తలుపు తోసింది.

పద్దెనిమిది మంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కొందరికి లేవడానికి పక్కవాళ్లు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. "నమస్తే మేడమ్" అని అందరూ కలిసి, బడిపిల్లలు సాగదీసినట్టే సాగదీశారు. అందరిలోకీ చిన్నదానికి అరవై ఉంటాయి. మోకాళ్ల ఎత్తు బెంచీలు, వాటిమీద పలకలు, కింద వరసగా చెప్పులు.

"ఏంటిది మాస్టారూ? మేకలే నయం, అవి నాకు నమస్తే పెట్టలేదు!"

తవిటయ్య తల వంచుకున్నాడు. ఆమె ఆయన చేతిలోంచి హాజరుపట్టీ లాక్కుని, కోపంగానే మొదటి పేరు చదివింది. "చోడిపిల్లి రేవంత్, మూడో తరగతి."

"ఉన్నానండి!" అంది ముందు బెంచీలో నెరిసిన ముడి, రాయి ఊడిన ముక్కుపుడక ఉన్న ముసలమ్మ.

"నువ్వు రేవంత్‌వా?"

"ఆడి మామ్మనండి, ఎర్రమ్మని. ఆడు తెప్ప మీదున్నాడు. ఆడి సీటు నాను ఆపినాను."

"సీటు ఆపడమేంటి?"

"ఓలమ్మ! తెలీనట్టడుగుతారేటమ్మా? బస్సులో కిటికీలోంచి తుండేసి సీటాపుకోరేటి? డిపో కాడ లైన్లో రాయెట్టి చోటాపుకోరేటి? అలాగే. ఈ గుంటలు తిరిగొచ్చీసరికి బడి ఉండాల గదా? ఆళ్ల బదులు మేం కుకున్నాం. ఇందులో దొంగతనం ఏటున్నాది?"

"అది బస్సు మామ్మా, ఇది బడి."

"బస్సయితే ఎనకాల ఇంకోటొస్తాది. బడి పోతే ఇంకోటొస్తాదేటి?"

ఆ మాటకు విశాలాక్షికి ఇంకా ఒళ్లు మండింది. ఈ ఊరివాళ్లు చూస్తే ఏ తప్పూ చెయ్యనట్టే కూర్చున్నారు. తుండు పడ్డ సీట్లో ఇంకెవరూ కూర్చోకూడదన్నది ఈ తీరాన చట్టం కన్నా గట్టి మాట. దాన్ని శ్వాసగణి ముందు వాడితే మోసం అవుతుందన్న ఊహే వీళ్లకు రాలేదు.

"కంటి లెక్క చెప్పండి," అంది కూర్పరి. "ఇరవై ఆరు అని చెప్పగానే విప్పుదళం గంటలో చేరుతుంది. దళం దగ్గర్లోనే ఉంది."

ఆమె గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించింది. "ఇరవై ఆరని నేనింకా చెప్పలేదే! నీకెలా తెలుసు?"

"వృద్ధుల ఊపిరి పొడవు వేరు. రెండేళ్లుగా తెలుసు."

"రెండేళ్లు ఊరుకుని ఈరోజే ఎందుకు నిద్ర లేచావు?"

"ఈ మూడు గదుల్ని ఎగువపేట బడికి కేటాయించాను. అక్కడ మూడో పూట పిల్లలు మెట్ల మీద కూర్చుంటున్నారు."

ఆ మెట్ల మీద చిన్మయి కూర్చుంటుంది. ఒళ్లో పెట్టుకుని రాయడంతో పిల్ల అక్షరాలన్నీ కిందికి జారిపోతున్నాయి. మొన్ననే ఏడ్చింది, నడుం నొప్పి అని. తొమ్మిదేళ్ల పిల్లకు నడుం నొప్పి.

"అందుకేనా నన్ను పంపావు?"

"గదులు విప్పించే సంభావ్యత అత్యధికంగా ఉన్న సాక్షిని ఎంచాను."

కన్నకూతురి మీది తీపిని కూడా ఇది ఒక గడిలో వేసి, హెచ్చవేసి, దారి చూపిస్తోంది. ఇంతకాలం తాను చూసిన బడులన్నిటికీ ఇలాగే ఎంచి పంపిందా? ఏ బడికి ఏ ఆశ చూపించింది? పదకొండు ఊళ్ల పేర్లు వరసగా గుర్తొచ్చాయి. అయినా సరే, నలభై నాలుగు మంది పిల్లలని అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాదు. ఇరవై ఆరు మందే పిల్లలు. మిగిలినవి తుండ్లు.

తుండ్లేనా? ఆ మాట మీద ఆమెకు అనుమానం వచ్చింది. తన పలకలో నిబంధన తెరిచి, కంఠతా వచ్చినదే అయినా మళ్లీ చదివింది. 'అయిదేళ్లు నిండి, రోజూ బడికి వచ్చి, పాఠం నేర్చుకొనువారు విద్యార్థి.' అయిదేళ్లు నిండాలి. ఎన్నేళ్లకు మించకూడదో రాయలేదు. రాయాలని ఎవరికీ తోచి ఉండదు.

తిరిగి గదిలోకి వెళ్లింది. "మామ్మా, ఊరికే కూర్చుంటారా, చదువుతారా?"

"ఊరికే కుకుంటే మాస్టారు ఊరుకుంటాడేటి? సాయంత్రం తెప్ప మీదికి రేడియోలో మా గుంటడికి పాఠం నానే సెప్పాల. నేర్సుకోపోతే ఏటి సెప్తాను?"

విశాలాక్షి నమ్మలేదు. ఎవరు పడితే వాళ్లు ఏదైనా చెప్తారు. "మూడు వందల ఇరవైలోంచి నూట డెబ్బై అయిదు తీసెయ్. ఇక్కడే, నా ముందే."

ఎర్రమ్మ పలక ఒళ్లోకి లాక్కుంది. నాలిక పళ్లమధ్య పెట్టుకుని అంకెలు వేసింది. సున్నాలోంచి అయిదు పోనంది. వెనక బెంచీలోంచి "పక్కింట్లో అప్పు తెచ్చుకో ఒదినా!" అని ఎవరో అరిచారు. "నోర్ముయ్, నాకు తెల్దేటి!" అని ఎర్రమ్మ కసురుకుంది. చివరికి పలక తిప్పి చూపించింది. నూట నలభై అయిదు.

"సరే. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు," అంది విశాలాక్షి. "జ్యేష్ఠంలో రేవంత్ తిరిగొస్తాడు. అప్పుడు నువ్వీ సీట్లోంచి లేస్తావా?"

"లేస్తుంది మేడమ్!" అని తవిటయ్య ముందుకొచ్చాడు. "అందరూ లేస్తారు. ఆ షరతు మీదే కూర్చోబెట్టినాను. పిల్లల సీట్లు పిల్లలవేనండి, నా మాట నమ్మండి!"

పాపం, మంచి చేస్తున్నాననుకుని బడికి తానే గొయ్యి తవ్వుతున్నాడు. సీటు వదిలేసేవాళ్లయితే తుండ్లే, వాళ్లను లెక్కలో వెయ్యడానికి వీల్లేదు. విశాలాక్షి ఆయన వైపు చూడలేదు.

ఎర్రమ్మ పలక మీది అంకెలు తుడవబోయి ఆగింది.

"లేస్తాననే ఒచ్చినాను," అంది. "ఇప్పుడు లేవను. సిన్నప్పుడు మా తమ్ముడి కోసం లెగమంటే లేచీసి ఎల్లిపోనాను. మళ్లీ లేవను తల్లీ. ఆడికి ఇంకో బెంచీ ఏయించండి."

తవిటయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఓలమ్మో, ఎంత పని చేశావే!"

విశాలాక్షి మిగిలిన పదిహేడు మందినీ పేరు పేరునా అదే ప్రశ్న అడిగింది. ఒకావిడ, తన మనవరాలొస్తే లేస్తానంది, ఆ పిల్ల ఎదురుగా కూర్చుంటే సిగ్గట. నీలకంఠం అనే ఎనభై ఏళ్లాయన, "ఈ బెంచీ మీద నడుం పట్టీసింది, రేపే లేస్తాను, మీకు దండం పెడతాను," అన్నాడు. మిగిలినవాళ్లంతా లేవం అన్నారు. కొందరు కోపంగా అన్నారు, అడగడమే తప్పయినట్టు.

ఇరవై ఆరు, పదహారు. నలభై రెండు, నలభైకి తగ్గలేదు. ఎర్రమ్మతో మొదలుపెట్టి పదహారు పేర్లూ సొంత పేర్లుగా, సొంత వయసులతో నమోదు చేసింది. కూర్పరి వెంటనే అడిగింది.

"విద్యార్థి బడి విడిచే సంవత్సరం చెప్పండి. ఆ గడి నింపకుండా ప్రణాళిక ముందుకు కదలదు."

అయిదేళ్లకు వచ్చిన పిల్ల ఫలానా ఏడు బడి దాటుతుంది, ఆ ఏడు ఫలానా గది ఖాళీ అవుతుంది. పుట్టుకలు తెలిస్తే చాలు, ముప్పై ఏళ్ల తర్వాత ఏ గది ఏ ఊళ్లో ఉండాలో కూర్పరి చెప్పేస్తుంది. అంతా ఆ ఒక్క గడి మీద నిలబడి ఉంది.

"మామ్మా, చదువు ఎప్పుడు ఆపుతావు?"

"నలుగురూ ఒచ్చి మోసుకెల్లినప్పుడు," అంది ఎర్రమ్మ. గదంతా నవ్వింది. నీలకంఠం కూడా నవ్వాడు.

విశాలాక్షి ఆ మాట ఉన్నదున్నట్టు గడిలో రాసి, మిగతా పదిహేను మందికీ అదే రాసి, వేలు ఆనించింది.

కూర్పరి ఆమె పలక మీద తీరం జాబితాలన్నీ గిర్రున తిప్పింది. తర్వాత, "తీరంలో బడి చదువు పూర్తికానివారు, అరవై దాటినవారు, రెండు లక్షల పద్దెనిమిది వేలు," అంది. "వీరందరూ విద్యార్థులు కాగలరా?"

"నన్నెందుకు అడుగుతావు? వాళ్లనే అడుగు."

"విడిచే సంవత్సరం లేదు. ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేను. విప్పుదళాలన్నిటినీ ఎక్కడివక్కడ ఆపాను."

"ఎగువపేటకు గదులు తీసుకెళ్తున్నవి కూడా?"

"అవి కూడా."

ఆమె గోడకు ఆనుకుంది. తెలిసే చేసింది. తెలిసి చేసినా నొప్పి నొప్పే. సాయంత్రం చిన్మయి, అమ్మా గదులొచ్చాయా అని అడుగుతుంది. రాలేదని చెప్పాలి, ఎవరి వల్ల రాలేదో కూడా చెప్పాలి. దాచడానికి లేదు, ఆ పిల్ల ఆమె కన్నా పెద్ద అనుమానాల పుట్ట.

"సాక్షి తన ప్రయోజనానికి విరుద్ధంగా సాక్ష్యం ఇచ్చారు," అంది కూర్పరి. "ఇలాంటి నమోదు నా దగ్గర మరొకటి లేదు. ఇది అనుమానాస్పదం. పొరపాటున వేలు తగిలి ఉంటే ఇప్పుడే రద్దు చేయవచ్చు. కాకపోతే మళ్లీ ఆనించండి."

విశాలాక్షి బొటనవేలు చీర చెంగుకు గట్టిగా తుడుచుకుని, మళ్లీ ఆనించింది.