బెగిమాయ్ మోసిన సగం కబురు

"సుయుంచు ఇవ్వు అత్తా, సుయుంచు" అంటూ బెగిమాయ్ వచ్చి నా కుట్టుమిషను మీద పడినంత పని చేసింది.

మా నారిన్ ఊళ్లో మంచి కబురు ముందుగా తెచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. అదే సుయుంచు. పెట్టకపోతే వీధంతా పిసినారి అంటుంది. నాకెందుకొచ్చిన గొడవ? మూరెడు రిబ్బను కత్తిరించి ఇచ్చాను.

"మా నాన్న వచ్చేస్తున్నాడు. మన ఊరి క్లబ్బులో సంతకం పెట్టాడు."

వాళ్ల నాన్న కుబాత్ ఫుట్‌బాల్ స్ట్రైకర్. గోల్స్ కొట్టడమే వాడి ఉద్యోగం. పదమూడేళ్లలో ఆరు దేశాలు, తొమ్మిది క్లబ్బులు తిరిగాడు. ఒక ఏడు కజకిస్తాన్, ఒక ఏడు మాల్దీవులు. ఇంట్లో ఉన్న రోజులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాది ఏడో ఇల్లట. అప్పటికే పిల్ల జేబుల నిండా అక్రోట్‌లు, చంకలో ఒక కోడిపెట్ట. మూతికి చాక్లెట్.

"ముందు ఎవరికి చెప్పావే?"

"నానమ్మకి. వీధి మొత్తానికి నూనెలో బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తోంది. గొర్రెను కోయమని కసాయికి కూడా కబురు పంపింది."

అంతలో వాళ్లమ్మ అసెల్ రొప్పుతూ లోపలికొచ్చింది. చేతిలో ఫోను, ముఖంలో కోపం.

"ఫోన్లో సగం మాట విని పరిగెడతావా? మన క్లబ్బు వాళ్లు పిలిచిన మాట నిజమే. కానీ అప్పటికే మీ నాన్న మంగోలియాలో సంతకం పెట్టేశాడు. ఈ ఏడు రాడు."

బెగిమాయ్ కోడిని వదిలేసింది. అది నా గుడ్డల మీదికెక్కి కూర్చుంది. నవ్వొచ్చింది కానీ పిల్ల ముఖం చూసి ఆపుకున్నాను.

"నేను వెళ్లి మీ నానమ్మకి చెప్తాలే" అంది అసెల్.

"వద్దమ్మా. నేను మోసిన కబురు. నేనే చెప్తాను."

నేనూ, అసెలూ వెంట వెళ్లాం. గొర్రె సంగతి ఏమవుతుందోనని నాకూ ఆదుర్దాగానే ఉంది.

నానమ్మ మూకుడు ముందు కూర్చుని పాట పాడుకుంటోంది. పిల్ల దగ్గరికెళ్లి నిలబడింది.

"నానమ్మా, నేను సగమే విన్నాను. నాన్న రావట్లేదు. మంగోలియా వెళ్తున్నాడు. తప్పు నాదే."

నానమ్మ గరిటె పక్కన పెట్టింది. మూకుడు కింద మంట ఆర్పేసింది. ఈ ముసలావిడ కొడుకు కోసం ఎంతలా ఎదురుచూస్తోందో నాకు అప్పుడే తెలిసింది.

"కసాయిని ఆపండి" అంది. "మరి వాడెప్పుడు వస్తాడట?"

"తెలీదు నానమ్మా. కనుక్కుని చెప్తాను."

బెగిమాయ్ వాళ్లమ్మ చేతిలోని ఫోను తీసుకుని నాన్నకు చేసింది. చెవికి ఆనించుకుని విన్నది. ఉన్నట్టుండి కళ్లు మెరిశాయి. నోరు తెరిచి, గబుక్కున మూసేసింది.

"ఏమంటున్నాడే?" నానమ్మ చెయ్యి పట్టి లాగింది. "వస్తానన్నాడా? చెప్పవే."

బెగిమాయ్ ఆ చేతిని మెల్లగా పట్టుకుంది.

"ఆగు నానమ్మా, నాన్న ఇంకా మాట్లాడుతున్నాడు."