గంగు వేలికి అంటిన తీపి

శ్రీవాణీ, ఇట్ల నా పక్కన కూసో బిడ్డా. కంట్లో చుక్కలు తర్వాత వేద్దువుగాని. ఇప్పుడు నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా, నిన్న ఆపరేషన్ చేసిన ఈ కన్ను మళ్లీ తెరుచుకోకపోవాలె. రెండో కన్ను మీద మాత్రం ఒట్టు పెట్టను. టీవీ చూసేందుకు అదొక్కటన్నా ఉండాలె గదా.

మా చెల్లె గంగుబాయి ఇల్లు బోధన్ అవతల, చెరుకు తోటల నడుమ. ఆ చెరుకు ఎంత ఎత్తంటే, కాకులు దాని మీదినుంచి ఎగరలేక పక్కనుంచి చుట్టు తిరిగి పోతయి. దాని మొగుడు బాపురావు బతికినన్ని రోజులు బెల్లం వండిండు. ఆయన ఒంటి వాసనకు నిజామాబాద్ చీమలు బస్సెక్కి వచ్చేవి. కడాయి దించంగనే వేడివేడి బెల్లం వేలితో తీసి గంగు నోట్లో పెట్టేటోడు. దానికి షుగరు జబ్బు వచ్చినంక ఆ ముచ్చట బందయింది. అయినా మానలేదు మనిషి. నోట్లో పెట్టకుండ దాని చూపుడువేలికి ఇంత రాసి, "తినకు, వాసనన్న చూడవే" అనేటోడు.

నిరుడు వానలల్ల పోయిండు. కడాయి పెరట్ల బోర్లేసిండ్రు. తుప్పు పట్టింది. దాని కింద కప్పలు కాపురం పెట్టినయి.

గంగు ఒక్కతే ఉంటున్నదని, ఈ చలికాలం మొదట్ల తోడుగ పోయి ఉన్న. రోజూ పొద్దున పరగడుపున అది షుగరు మిషను తీసేది. పెన్ను లాంటి సూదితో వేలు గుచ్చి, నెత్తురు చుక్క పట్టీకి అంటించి, మిషన్ల అంకె చూసేది. ఆ అంకెను బట్టే కడుపుల పొడుచుకునే సూది మందు. అంకె ఇంత దాటితే మందు ఇంత పెంచమని డాక్టరు చెప్పి ఉండె.

నేను పోయినప్పటి నుంచి ఒకటే తీరు. మిషను మూడు వందలకు తక్కువ చూపెట్టదు. గంగు మందు పెంచుకుంట పోతది. తినేది చూస్తే జొన్నరొట్టె, ఇంత పాలకూర.

"దొంగతనంగ బెల్లం మెక్కుతున్నవా ఏందే?" అన్న.

"ఆఁ, నీ లెక్కనే. చిన్నప్పుడు తేనె సీసా నాకి పిల్లి మీద చెప్పిందెవరు?"

"ఆ పిల్లి నిజంగనే నాకింది!"

నవ్వుకున్నం. ఆ నవ్వు మరుసటి దినం పోయింది. సూది పొడుచుకున్న కొంచెం సేపటికే దాని మాట తడబడ్డది. నన్ను పట్టుకొని "నువ్వెవరు?" అన్నది. చీర పిండితే బకెట్ నిండేటంత చెమట. చేతులు గజగజ. నేను చక్కెర నీళ్లు కలిపి తాగిచ్చిన. ప్రాణం గొంతుదాక వచ్చి, తీపి తగిలి మళ్ల లోపటికి పోయింది.

ఆటోల ఏసుకొని బోధన్‌ల ల్యాబుకు తీస్కపోయిన. ఆడ నెత్తురు తీసే దీవెన మనకు ఎరుకైన పిల్లనే. మోచేతి నరం నుంచి నెత్తురు తీసింది. ఆ దినం షుగరు చూసిండ్రు, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడ చేసిండ్రు. కాయితం చూసి దీవెన నొసలు ముడిచింది.

"సగటు మంచిగనే ఉన్నది అవ్వా. రోజూ మూడు వందలు ఉన్న మనిషికి గిట్ల రాదు. ఇంట్ల గుచ్చే ముందు చేతులు కడుగుతుందా?"

"రాత్రి సబ్బుతోని కడుక్కొని పంటది. పొద్దుగాల చల్లనీళ్లు ముట్టది. మంచంల పన్న చేతికి ఏమంటుతది బిడ్డా?"

"వేలికి జరంత తీపి ఉన్నా మిషను దాన్ని కూడ లెక్కపెడ్తది. నెత్తురేదో బెల్లమేదో దానికి తెల్వది. గుచ్చే ముందే కడగాలె, తుడవాలె. లేనిదానికి మందు ఎక్కువ పొడిస్తే మనిషి దక్కదు."

మనిషి దక్కదు. ఆ మాట నా చెవుల ఉండిపోయింది. ఆ రాత్రి గంగు చేతులు నేనే రుద్ది రుద్ది కడిగిన. ఇటుకంత సబ్బు అరిగిపోయింది. పక్క మంచంల పన్న. గంగు గురక మహారాష్ట్ర దాక వినపడ్తది, నిద్రెక్కడిది?

తెల్లారగట్ల గురక ఆగింది.

ఇగో, ఇక్కడి నుంచి నేను పెంచి చెప్తలేను బిడ్డా. పెంచబుద్ధి అయితలేదు.

పొగమంచు కిటికీల నుంచి లోపటికి వస్తుండె. దాంతోపాటు వాసన. మరిగే చెరుకు రసం వాసన. ఊర్ల ఇంకా ఎవరూ చెరుకు కొట్టలేదు, పొయ్యి పెట్టలేదు. అయినా పచ్చి తీపి, కమురు, పొగ... గొంతుకు అడ్డం పడేటంత దగ్గర. పెరట్ల చప్పుడు. కొయ్య గంటెతో కడాయి అంచు మీద కొడ్తరే, బెల్లం పాకం దులిపేందుకు... అట్ల. ఒకసారి. ఆగి... ఇంకోసారి.

తర్వాత చప్పుడు లేదు. తలుపు గొళ్లెం పెట్టిందే పెట్టినట్టు ఉన్నది.

గంగు చెయ్యి దుప్పట్ల నుంచి బయటికి వచ్చింది. అది లేపలేదు. చెయ్యి లేచింది. మణికట్టు కాడ చర్మం లోపటికి నొక్కుకపోయింది, ఎవరో పట్టుకుంటే నొక్కుకపోయినట్టు. చూపుడువేలు మెల్లగ చాపుకున్నది. వేలి కొన మీద చర్మం అటు కదిలింది... ఇటు కదిలింది...

రాస్తున్నడు.

చెయ్యి మెల్లగ కిందికి దిగింది. లేచి, గుడ్డిదీపం వెలుగుల ఆ వేలు ముట్టుకున్న. వెచ్చగ ఉన్నది. జిగట. నమ్మబుద్ధి కాక... నా వేలికి అంటింది నాలుక మీద పెట్టుకున్న.

కొత్త బెల్లం. కడాయి నుంచి అప్పుడే దించింది.

గంగును లేపిన. ముందు అట్లనే గుచ్చితే మిషను మూడు వందల ఎనభై చూపెట్టింది. చెయ్యి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇంకో వేలు గుచ్చిన. నూట పది.

"చూసినవా గంగూ? ఆయన... బాపురావు..." మిషను దాని కండ్ల ముందట పెట్టిన.

గంగు భయపడలేదు. ఆ వేలును కొంగుల దాచుకున్నది.

"ఎరుకే అక్కా. రోజూ వస్తడు."

"నిన్ను చంపుతడే! ఆ అంకె చూసి నువ్వు మందు పెంచుతున్నవు!"

"ఛీ, ఆయనకు మిషను సంగతేం తెలుసు? పాపం, వాసన చూపెట్టనీకి వస్తడు." మెల్లగ, "తెలిసే వస్తడేమో కూడ... ఒక్కడే ఉండలేక" అన్నది.

నా వెంట రమ్మన్న. రానన్నది. గుచ్చే ముందు కడుక్కుంటనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టింది. ఉన్నన్ని రోజులు నేనే కడిగిచ్చిన, రోజూ మిషన్ల నూరో, నూట ఇరవయో. ఇగ కంటి ఆపరేషన్‌కు తారీకు ఇచ్చిండ్రని ఇట్లొచ్చిన.

పొద్దున ఫోన్ చేసింది. నవ్వుకుంట చెప్తున్నది. "అక్కా, ఇయ్యాల నాలుగు వందలు దాటింది."

"కడిగినవానే?"

"కడుగుత... రేపు కడుగుత. ఇయ్యాల మస్తు మంచి బెల్లం అక్కా."

"సూది పొడుచుకున్నవా? గంగూ, పొడుచుకున్నవా?"

మళ్ల నవ్వింది. దాని వెనుక, ఫోన్ల... కొయ్య గంటె. కడాయి అంచు మీద. ఒకసారి. ఆగి... ఇంకోసారి. ఫోన్ కట్టయింది. అప్పటి నుంచి చేస్తనే ఉన్న, ఎత్తుతలేదు. పక్కింటోళ్లు పొలం కాడున్నరట, చీకటి పడేదాక రారట. నాకు కన్ను ఇంకా పచ్చిగున్నది, బస్సెక్కొద్దన్నరు.

అందుకే నిన్ను పిలిచిన బిడ్డా. ఇప్పుడే బోధన్ బస్సెక్కు. దీవెనను వెంట తీస్కపో. గంగు తెలివిల ఉండి మింగగలిగితేనే చక్కెర నీళ్లు తాగిపియ్యండ్రి. తెలివి లేకుంటే నోట్లో ఏమీ పొయ్యకుండ దవాఖానకు ఉరకండ్రి. చేతులు నువ్వే కడుగు, రెండూ. కడిగిన నీళ్లు బెల్లం రంగుల ఎర్రగ పోతే చూడకు. ఆ వేలికి అంటింది నాలుక మీద మాత్రం పెట్టుకోకు, నా లెక్క.

ఎందుకంటవా? నా చేతిలున్న ఈ చాయ్ నువ్వే పెట్టినవు గదా. చక్కెర డబ్బా ఖాళీ ఉన్నది, ఎయ్యలేదంటివి. ఇగో, నువ్వొక గుటక తాగి చూడు.

నీకు చప్పగున్నదా? నా నాలుకకు మాత్రం కొత్త బెల్లం తీపి తగుల్తున్నది.

ఉరుకు బిడ్డా. సంచిల సబ్బు పెట్టుకో.