టేపు అవతలి కొస

నేను నిజాయితీపరుణ్ణి. విజిటింగ్ కార్డు మీద ‘ప్లానింగ్ కన్సల్టెంట్’ అని అచ్చు వేయించిన. పదో తరగతి తప్పిన సంగతి కూడా వేయించేవాణ్ణే, కార్డు మీద చోటు సరిపోలేదు. సిద్దిపేటల ఒక జిరాక్స్ షాపు వెనక గదిల కూసుని, ఇంకొకరి నక్షలు చూసి చూసి గీసుడు నేర్చుకున్న. గీసినదాని మీద సంతకాలు పెట్టించుడు అంతకన్నా బాగ నేర్చుకున్న.

మిరుదొడ్డి అవతల ఒక ఊరికి కొత్త బడి మంజూరైంది. పాత బడి పెచ్చులు ఊడుతుంటే, పిల్లలు పాలకేంద్రం రేకుల కింద క్యాన్ల నడుమ చదువుకుంటున్నరు. ఊరి బయట సర్కారు భూమి చూపెట్టిన్రు. ఖాళీ జాగ అని ఒక ఆఫీసరు జీపు దిగకుండనే రాసిండు. ఆయన రాసింది చూసి ఇంకొకాయన రాసిండు. వాళ్లిద్దరి రాత చూసి నేను నక్ష గీసిన. నెలాఖరుకల్ల పునాది మొదలువెట్టకుంటే మంజూరు రద్దన్నరు.

అట్ల ఒక సాయంత్రం, పంచాయతీల పనిచేసే ఉప్పలయ్యను వెంటవెట్టుకొని, పునాది తవ్వే చోట ముగ్గు గీతలు పోసేందుకు పోయిన. చేన్ల నుంచి వస్తున్న ఒకామె మమ్మల్ని చూసి ఆగింది. కొండవ్వ అని ఉప్పలయ్య చెప్పిండు.

“ఆ మూలకు ఏమొస్తది సారూ?”

“ఒకటో తరగతి గది పెద్దమ్మా.”

“ఆడ నా బిడ్డ ఉన్నది.”

ఉప్పలయ్య తల దించుకున్నడు. పసిపిల్లలు పోతే కాల్చరు, పాతిపెడతరు. గోరీ కట్టరు, పేరు రాయరు. కుక్కలు తోడకుండ తుమ్మకంప కప్పి, వెనక్కి చూడకుండ ఇంటికొస్తరు. రెండు వానకాలాలు పోతే కంప పుచ్చిపోతది, నేల సాఫైతది. ఊరి పసిగుడ్లందరూ గీడనేనట.

“ముందుగల్ల చెప్పొద్దా ఉప్పలయ్యా?”

“నువ్వు అడిగినవా అన్నా? నక్షల అన్నీ ఉన్నయంటివి.”

“జర అవతలికి జరుపు సారూ,” అన్నది కొండవ్వ.

“జరిపితే మళ్ల నక్ష, మళ్ల సంతకాలు. వచ్చిన బడి వాపస్ పోతది.”

“బడి వద్దంటున్ననా? అది బడి మొకం చూడకనే పాయె. దాని మీద గోడ లేపకు, అంతే.”

“చూస్త పెద్దమ్మా,” అన్న. ఆఫీసుల్ల నేర్చుకున్న మాట. నాతో ఆ మాట అన్నోళ్లు ఎవరూ ఏదీ చూడలే.

ఆమె పోయింది. పొద్దు గూకింది. మొబైల్ లైటు నా కాళ్ల దాకనే పడుతున్నది. టేపు ఒక కొస పట్టుకొని ఉప్పలయ్య ఆ మూలకు పోయిండు. గాలి ఆగింది. కీచురాళ్లు కూడా ఆగినయి. ఎక్కడినుంచో సాంబ్రాణి వాసన... తలంటుపోసి పొగవట్టిన చంటిపిల్ల ఒంటి వాసన. ఊర్లె ఎవరింట్లనో అనుకున్న. ఊరు అంత దగ్గర లేదు.

“పట్టినవా ఉప్పలయ్యా?”

పలకలే. టేపు మాత్రం బిర్రుగైంది.

“జర పైకి పట్టు.”

పైకి లేవలే. మోకాలంత ఎత్తులనే ఆగింది.

“అన్నా, ముగ్గు సంచి బండి మీదనే మరిచినం. టేపు కొస ఆడనే కింద వెట్టి పోయి తెచ్చిన.”

ఆ మాట నా వెనక నుంచి వచ్చింది. బండి దిక్కు నుంచి.

నా చేతిల టేపు ఇంకా బిర్రుగనే ఉన్నది.

ఉప్పలయ్య చూసిండు. “ఎవలు పట్టిన్రు?” అన్నడు గుసగుసగ.

అవతల నుంచి చిన్న గుంజు. ఆగింది. మళ్ల ఒక గుంజు... ఆట లెక్క.

వదిలేసిన. టేపు కింద పడ్డది. పడి ఉండలే. నేను వదిలిన కొస మెల్లగ లేచింది... మోకాలంత ఎత్తుకు. మళ్ల బిర్రుగైంది. నా తొడ పక్కనే ఎవరో ఊపిరి తీస్తున్నరు. జలుబు చేసిన పసిపిల్ల గురగుర...

బండి ఎవరు నడిపిన్రో ఇద్దరికీ యాదికి లేదు.

తెల్లారి ఆఫీసుకు పోయి, జరిగింది చెప్పి, బడిని జరపాలన్న. “దయ్యాలున్నయని ఫైల్ల రాయమంటవా?” అని నవ్విండు ఆఫీసరు. నేను కూడా నవ్విన. నవ్వకుంటే తర్వాత సంతకాలు కావు.

పునాది తవ్విన్రు. ఆ మూలకు నిలువెత్తు లోతుకు పోయిన్రు. ఏమీ దొరకలే. ఎముక లేదు, పూస లేదు, గుడ్డపేలిక లేదు. చూసినవా, ఖాళీయే, అన్నరు అందరు. కొండవ్వ ఆ గుంత అంచున నిలవడి చానసేపు చూసింది. ఏడవలే.

ఇప్పుడు బడి నడుస్తున్నది. ఒకటో తరగతి చెప్పే వనజ టీచర్ మొన్న పిలిపించింది. గది చిన్నగ కట్టిన్రని ఆమె కంప్లైంట్. పోయి చూసిన. సగం గది బోసిగ ఉన్నది. పిల్లలంతా ఒక గోడకు ఒత్తుకొని కూసున్నరు. అటు జరగండిరా అంటే, “ఆడ కూసున్నరు గద సార్,” అన్నది ఒక పిల్ల, నా తెలివికి జాలిపడ్డట్టు.

కిటికీ బయట కొండవ్వ ఉన్నది. రోజూ వస్తదట.

“నా బిడ్డ ఎవలి పక్కన కూసున్నది సారూ?” అని అడిగింది.

గదంతా చూసిన. మళ్ల చూసిన. ఆమెకు ఏం చెప్పాల్నో నేను ఇంకా నేర్చుకోలే.