నిద్రకొట్టు తలుపు

ఎర్రమిట్ట కాలనీ వంటశాలలో ఆ ఉదయం కూడా కూర తెల్లగా లేదు.

అంగారక గ్రహం మీద మనుషులు స్థిరపడి పాతికేళ్ళు దాటినా, అక్కడి మట్టిలో నికరంగా పండేది తెల్ల ఆస్పరాగస్ అనే కాడకూర ఒక్కటే. వెలుగు సోకకుండా మట్టి ఎగదోసి పెంచుతారు కాబట్టి కాడలకు పచ్చరంగు రాదు. వాటిలో పీచు ఉంది, సి విటమిన్ ఉంది, గర్భిణులకు కావలసిన ఫోలేట్ ఉంది. భూమి నుంచి తెచ్చిన మాత్రలు రేడియేషన్‌కు పాడైపోయాక, రెండో నెల గర్భిణి షాహిదాకు ఆ కాడలే దిక్కు. కొత్త పంట ఇప్పట్లో రాదు.

కోసినంత మాత్రాన కాడ చచ్చిపోదు. ఊపిరి పీలుస్తూ తన సత్తువ తానే తినేస్తుంది. తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగు రోజులకే ముదిరి పీచు తేలుతుంది. అందుకే డాక్టర్ కృపామణి నిద్రకొట్టు అనే చీకటి నిల్వగదిని కనిపెట్టింది. అందులోని సన్నని కంపనాలకు కాడల మెటబాలిజం, ఆమె మాటల్లో ‘జీవవ్యయం’, దాదాపు ఆగిపోతుంది. నెలల తరబడి తాజాగా ఉంటాయి. వెలుగు తగిలితే మాత్రం మేలుకుంటాయి.

ఇప్పుడు మేలుకుంటున్నాయి. మొనలు ముందు గులాబీ రంగుకు తిరిగి, తర్వాత పచ్చబడ్డాయి. కొట్టులో దొంగ పడ్డాడనుకుంది కృపామణి. షాహిదాను వెంటబెట్టుకుని వెళ్ళి కొట్టు తలుపు తీసి, కాపలా యంత్రం ‘కావలి’ని నిలదీసింది.

“ఎన్ని కాడలు పోయాయి?”

“ఒక్కటీ పోలేదు, డాక్టర్ గారూ.”

“మరి తలుపు తీస్తున్నదెవరు?”

“అందరూ. షాహిదా గారికి సరిపడా ఉన్నాయో లేదోనని చూసి, మూసి వెళ్తున్నారు. మూశాక, గడియ పడిందో లేదోనని మళ్ళీ లాగుతున్నారు. పిడి లాగితే పడిన గడియా తెరుచుకుంటోంది.”

తాళం వేశాక రెండుసార్లు లాగి చూడందే గడప దాటని జాతి మనది. ఇంత దూరం వచ్చినవాళ్ళు ఏమేమో వదిలేసి వచ్చారు గానీ, ఆ అలవాటును మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు.

“ఈ ముక్క ముందే చెప్పొద్దూ?”

“ఇన్నాళ్ళూ దొంగ ఎవరనే అడిగారు. దొంగ లేడు.”

“నేనూ లాగుతున్నానా?”

“అందరికన్నా ఎక్కువ మీరే.”

కృపామణికి సిగ్గేసింది. షాహిదా తల దించుకుంది.

“నేనూ చూస్తన్నా మేడమ్. బిడ్డ కోసం కదా... ఒక్కసారి చూసుకుంటేగానీ ముద్ద దిగట్లేదు.”

“ఉన్నవి పంట వచ్చేదాకా చాలుతాయా?” అని భయంభయంగా అడిగింది కృపామణి.

“ఇకనైనా తెరవకపోతే చాలుతాయి. వాటా నేనే చీకట్లో తీసి బయటికి పంపిస్తాను. ఈ మాటలు మొదలైనప్పటి నుంచి తలుపు తెరిచే ఉంది, డాక్టర్ గారూ.”

ఆమె ఉలిక్కిపడి తలుపు నెట్టింది. వెంటనే చెయ్యి పిడి మీదికి వెళ్ళింది. షాహిదా చప్పున ఆ మణికట్టు పట్టుకుంది.

“పడిందంటారా, మేడమ్?”

“పడింది,” అంది కావలి.

ఇద్దరూ నమ్మలేదు.