పన్నెండో కొలత

పొద్దున ఎనిమిదింటికే మిషనమ్మ కత్తెర పట్టింది. వీధిలో అందరూ ఆమెనలాగే పిలుస్తారు. వ్యాయామశాల మాస్టారు ఇచ్చిన ఆర్డరులో పదకొండు నల్ల కోట్లు పూర్తయ్యాయి. ఇంకొక్కటి మిగిలింది. ఆటల పోటీకట. చీటీల మీద పేర్లు లేవు, కొలతలే. ఆ కొలతలు ఎవరివో ఆమెకు పేర్లతో పనిలేకుండానే తెలుసు. అందరూ ఈ వీధివాళ్ళే. ఒక్కటే అర్థం కాలేదు. ప్రతి కోటుకూ లోపల మోచేతి పొడవు జేబు ఎందుకు? అడిగితే మాస్టారు గొడుక్కని చెప్పాడు. ఆటల పోటీలో గొడుగెందుకు!

పన్నెండో చీటీ తీసింది. ఎడమ చెయ్యి కుడిదానికన్నా అంగుళం పొట్టి.

కత్తెర ఆగిపోయింది. ఏడేళ్ళప్పుడు మెట్లమీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న తన కూతురి కొలత అది. ఆటలంటే గిట్టని పిల్లకు ఆటల కోటేమిటి? మిల్లులో ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ రైలుకట్ట వెనక గదుల్లోకి కొత్తగా వచ్చినవాళ్ళ మీద విషం కక్కుతోంది. తరిమితేగానీ పోరంటోంది. కోపంలో అంటోందిలే అని తల్లి సరిపెట్టుకుంది.

వంటింట్లో కూతురు టీ తాగుతోంది.

"ఆ జేబులో ఏం పెడతారే?"

కూతురి మొహం పాలిపోయింది. "కుట్టడమే నీ పని. ఈ రాత్రి తలుపులేసుకుని పడుకో."

జేబుల్లో పట్టేది ఇనపకడ్డీలనీ, ఈ రాత్రే రైలుకట్ట వెనక గదుల మీద పడబోతున్నారనీ మిషనమ్మకు అర్థమైంది. చెప్పులేసుకుంది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వే రకం కాదామె.

మొదట బేకరీకి వెళ్ళింది. అన్నిటికన్నా పెద్దకోటు బేకరీ ఆయన కొడుకుదే. మా వాడి మీద నిందలేస్తావా అని ఆయన ఇంతెత్తున లేచాడు. "ముందు మా అమ్మాయి, అన్నయ్యా. తర్వాతే మీ వాడు," అంది ఆమె. ఆయన చేతుల పిండి దులుపుకుని దుకాణం మూసేశాడు.

తర్వాతి ఇంట్లో తలుపు మొహం మీదే పడింది. ఆ పై ఇంటి రిటైర్డ్ కండక్టరు గోరంతను కొండంత చేస్తున్నావన్నాడు. ఆయన భార్య మాత్రం వెంట నడిచింది. ఇద్దరు అయిదుగురయ్యారు, అయిదుగురు పదిమంది. మధ్యాహ్నానికి దాదాపు ప్రతి ఇంటి గుమ్మంలోనూ, పిల్లలు గడప దాటకుండా ఎవరో ఒకరు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. బేకరీ ఆయన పోలీసు స్టేషనుకెళ్ళాడు. మిషనమ్మ రైలుకట్ట దాటి, ఆ గదులవాళ్ళని స్వయంగా హెచ్చరించి వచ్చింది. పోలీసులు మాస్టారిని తీసుకెళ్ళారు గానీ, వ్యాయామశాల అంతా గాలించినా ఏమీ దొరకలేదు.

ఆమె ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది.

"నన్నే పట్టిస్తావా? నువ్వసలు కన్నతల్లివేనా?"

"కన్నదాన్ని కాబట్టే. ఎక్కిన ప్రతి గుమ్మంలోనూ నీ సంగతే ముందు చెప్పాను. లేకపోతే నా మాట ఎవరు వింటారే?"

"నా పరువు తీశావు."

"చిరిగిన పరువుకు అతుకు వేసుకోవచ్చు. మనిషి పోతే ఏ దారంతో కుడతావు?"

"వాళ్ళు నా ఉద్యోగం లాక్కున్నారమ్మా."

"నిన్ను తీసేసింది మిల్లు యజమాని. ఆయన జోలికి పోయే దమ్ము మీ మాస్టారికి లేదు. ఆ గదుల్లో ఎవరుంటారో చెప్పాడా?"

"మగాళ్ళే ఉంటారన్నాడు."

"పదకొండుమంది పిల్లలున్నారు. రెండు నెలల పసిగుడ్డును ఇందాక ఈ చేతులతోనే ఎత్తుకున్నాను. ఇంకా మెడ కూడా నిలవలేదు దానికి."

కూతురు గోడనానుకుని జారి కూర్చుండిపోయింది. "ఆ గదులు తగలబెట్టడానికి తెచ్చిన పెట్రోలు డబ్బాలు వ్యాయామశాలలో లేవమ్మా. మాస్టారు దొరికిపోయినా పని ఆగకూడదని వేరేచోట దాచారు. మిగతావాళ్ళెవరైనా..."

తల్లి చెయ్యి చాపింది. "పద. పక్కన నేనుంటాను."

దారి పొడవునా కిటికీల్లోంచి కళ్ళు వాళ్ళనే చూస్తున్నాయి. కూతురు తల దించుకుంది గానీ అడుగు ఆపలేదు.

స్టేషనులో అధికారి కాగితం ముందుకు లాక్కుని, సమాచారం ఇస్తున్నది ఎవరని అడిగాడు. తల్లి నోరు తెరిచేలోపే కూతురు కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"నేనే సార్. రాసుకోండి."

పొద్దుటి నుంచీ కంట తడి రానివ్వని మిషనమ్మ అప్పుడు ఏడ్చింది.