డెమోలో మోగిన నంబర్

ఆఫీసులో ఆమెని అందరూ చాటుగా బ్రేకు అంటారు. టెస్టర్ కదా, మేం పరిగెత్తించే ప్రతి యాప్‌నీ ఆపేస్తుంది. నేను చేరిన కొత్తలోనే నా కుర్చీ వెనక నిలబడి, మీ స్క్రీన్ చచ్చిపోయిందండీ అని చల్లగా చెప్పింది.

అది ఆసుపత్రి కోసం రాస్తున్న యాప్. పేషెంట్ వివరాలు ఒక పెట్టె అనుకోండి. దాని లోపల బంధువు పెట్టె, అందులో ఫోన్ నంబర్. నా కోడ్ ఒక్క ఊపున నంబర్ దాకా దూసుకెళ్లేది, మధ్యలో బంధువు పెట్టె అసలుందో లేదో చూసుకునేది కాదు. ఆమె టెస్టు కోసం చేర్చిన పేషెంటుకి బంధువే లేరు, అక్కడే యాప్ ఆగిపోయింది.

"తోడు లేకుండా ఆసుపత్రికి ఎవరొస్తారండీ?" అని వాదించాను.

"నేనొచ్చాను," అంది. "పోయినేడాది జ్వరమొస్తే. అక్కకి అప్పుడే పురుడైంది. కంగారు పెట్టడమెందుకని ఫారంలో బంధువు గడి ఖాళీగా వదిలేశాను. ఆ పేషెంటు వివరాలు నావే."

బయట వాన మొదలైంది. ఆమె కిటికీ వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. దాచడమెందుకు, అక్కడే పడిపోయాను.

ఆసుపత్రివాళ్లకి యాప్ చూపించే డెమో బెడిసికొడితే మా టీమునే ఎత్తేస్తారని, ఆమెని వేరే ఆఫీసుకి పంపేస్తారని మేనేజర్ చెప్పాడు. ఇక నాకు తిండి సయిస్తే ఒట్టు. ఒక్కో పెట్టె తెరిచే ముందు ఉందో లేదో చూసి, లేకపోతే ఆ మాటే నర్సుకి చెప్పేలా కోడంతా మార్చాను.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఆమె పేరు పక్కన ఆ ఖాళీ చూస్తే మనసు ఉసూరుమంది. టెస్టు డేటాయే కదా అని ఆమె ఒక్కదానికే నా నంబర్ పెట్టాను. పెట్టాననుకున్నాను. హడావుడిలో ఆ లైను ఆమె పెట్టెలో కాక బయటి పెట్టెలో, అందరికీ వర్తించే చోట పడింది.

డెమోలో పెద్ద డాక్టరుగారు ఒక పేషెంటుని తెరిచి, బంధువుకి కాల్ బటన్ నొక్కారు. నా జేబు మోగింది. ఇంకొకరిని తెరిచారు, మళ్లీ నా జేబే. ముసలాయనకీ నేనే, పసిపాపకీ నేనే. గదంతా ఒకటే నవ్వులు.

"అందరికీ నువ్వే దిక్కా బాబూ?" అన్నారాయన.

మేనేజర్ నన్ను కళ్లతోనే నమిలేశాడు. బ్రేకు మాత్రం తొణక్కుండా ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆ లైను పట్టుకుని తీసేసింది. బంధువుల్లేని పేషెంట్లు వస్తే యాప్ ఆగిపోకుండా ఆ మాట నర్సుకి ఎలా చెబుతుందో చూపించింది. డాక్టరుగారికి అదే నచ్చింది. ప్రాజెక్టు మాకే ఇచ్చారు.

ఆమె ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ వచ్చి, ఫోన్ పెట్టేయకుండానే నన్ను మెట్ల దగ్గర నిలదీసింది.

"మీ నంబర్ ఎందుకు పెట్టారు?"

"మీ ఒక్కరికే పెట్టబోయాను. మీరు మళ్లీ ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లకూడదు. మీరంటే నాకు ప్రాణం."

"నన్నడక్కుండానే?"

"తప్పే. ఇప్పుడడుగుతున్నాను."

ఆమె తన ఫోన్ నా చేతిలో పెట్టింది. లైన్లో వాళ్లక్క అప్పటికే ఉంది.

"డాక్టర్ల ముందు మోగింది నువ్వేనా?" అందావిడ నవ్వాపుకుంటూ. "ఇక దానికి జ్వరమొస్తే నాకు చెప్పే పూచీ నీదే, మరిదీ."

నేను జవాబు చెప్పేలోపే బ్రేకు సిగ్గుపడిపోయి ఫోన్ లాక్కుంది.